పాతది ఎక్కడ ఇవ్వాలి?

మిత్రులారా, ఇవాళ పంట గురించి కాదు, రేటు గురించీ కాదు. మోటారు షెడ్డులో మూలన పడున్న సామాను గురించి రాస్తున్నా. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఒక్కసారి మీ షెడ్డులో ఏమేం ఉన్నాయో లెక్కపెట్టండి. నా షెడ్డు సంగతి చెప్తా. కాలిపోయిన స్టార్టర్ డబ్బాలు రెండు. పిడుగు పడ్డ రోజు చచ్చిపోయిన మొబైల్ స్టార్టర్ ఒకటి. మందు కొట్టే చార్జింగ్ పంపులు రెండు, బ్యాటరీ చార్జింగ్ నిలవక పక్కన పెట్టినవి. ఉబ్బిపోయిన కండెన్సర్లు నాలుగైదు. అడవి పందుల్ని బెదిరించడానికి గొంతు రికార్డు చేసి చేలో పెట్టే మైకు ఒకటి. ఇక ఇంట్లోకొస్తే డబ్బా టీవీ, సెటాప్ బాక్సు, బటన్ ఫోన్లు మూడు, అద్దం పగిలిన టచ్ ఫోన్లు రెండు, మాడిపోయిన సీఎఫ్ఎల్ బల్బులు అరసంచి.

మీ ఇంట్లో కూడా కాస్త అటూ ఇటూగా ఇంతే ఉంటుంది. మా నాన్న కాలంలో పాత సామానంటే విరిగిన నాగలి కర్రు, అరిగిన టైరు, చిల్లుపడ్డ బిందె. కర్రు కమ్మరి దగ్గరికి పోయేది, బిందె మాటు వేయించుకునేవాళ్లం, టైరు ఎద్దులబండికో దేనికో పనికొచ్చేది. ప్రతి పాత వస్తువుకీ ఒక చోటు ఉండేది. ఇప్పుడు మనం కొనే వస్తువుల్లో సగానికి సర్క్యూట్ బోర్డో బ్యాటరీయో ఉంటోంది. పాడైతే దానికి చోటు లేదు. కొనడానికి మండలానికి ఇరవై షాపులు, తిరిగి ఇవ్వడానికి ఒక్కటి లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. కరెంటు సామాను, ఎలక్ట్రానిక్ సామాను అమ్మిన ప్రతి షాపూ పాతది తిరిగి తీసుకోవాలి. మనం కొన్న చోటే మనం ఇచ్చే చోటు కావాలి. "దగ్గర్లోని సేకరణ కేంద్రం" అంటూ రైతుని హైదరాబాదుకో విజయవాడకో పంపితే అది మన ఊరికి పనికొచ్చే ఏర్పాటు కాదు. ఎందుకో వివరంగా చెప్తాను.

ముందు, మూలన పడుంటే నష్టమేంటి అనేవాళ్లకి. చార్జింగ్ పంపులో సాధారణంగా ఉండేది 12 వోల్టుల సీసం బ్యాటరీ. దాని బరువులో సగానికి పైగా సీసమే, మిగతాదాంట్లో గంధకామ్లం ఉంటుంది. దాన్ని పగలగొట్టి గట్టు మీద పారేస్తే ఆ సీసం ఎక్కడికీ పోదు. ఎండకి ఎండదు, వానకి కుళ్లదు, మట్టిలోనే ఏళ్ల తరబడి ఉంటుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, ఇంతవరకైతే పర్లేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డబ్బా టీవీ గాజులోనూ సీసం ఉంటుంది. సీఎఫ్ఎల్ బల్బులో, ట్యూబులైట్‌లో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. బల్బు పగిలిందంటే ఆ ఆవిరి గదిలోకొస్తుంది. పాత బోర్డుల మీద అతుకులు వేసిన టంకంలోనూ సీసం ఉంటుంది.

రాగి కోసం వైర్లు తగలబెట్టడం మీరందరూ చూసే ఉంటారు. నల్లటి పొగ, ముక్కుపుటాలు అదిరే వాసన. ఆ ప్లాస్టిక్ తొడుగు పీవీసీ. అలా బహిరంగంగా కాలిస్తే డయాక్సిన్లనే విషాలు పుడతాయి. అవి గడ్డి మీద పడి, ఆ గడ్డి మేసిన గేదె పాల కొవ్వులో చేరతాయి. అంటే పావు కేజీ రాగి కోసం పెట్టిన మంట తిరిగొచ్చి మన గ్లాసులోనే పడుతుందన్నమాట. భూసార పరీక్ష చేయించి నత్రజని, భాస్వరం, పొటాష్ చూసుకుంటాం. గట్టు మీద పారేసిన బ్యాటరీ సీసం ఆ కార్డులో కనపడదు.

"మా ఊరికి పాత ఇనుము కొనేవాడు వస్తాడు కదా, ఆయనకే వేసేస్తాం" అంటారు. నిజమే, నేనూ వేశాను. ఆయన్ని తిట్టడానికి ఈ పోస్టు రాయట్లేదు. మూడు చక్రాల బండి మీద మైకు పెట్టుకుని ఎండనపడి తిరిగే ఆ మనిషే లేకపోతే మన ఊళ్లు ఎప్పుడో చెత్తతో నిండిపోయేవి. కానీ ఆయన చేతికిచ్చాక ఏమవుతుందో చూడండి. ఇనుము ఇనుముకి పోతుంది, రాగి రాగికి పోతుంది, వాటికి గిరాకీ ఉంది. మిగిలిన బోర్డులు చేతులు మారుతూ మారుతూ ఢిల్లీ సీలంపూర్‌కో, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌కో చేరే దారి ఉంది. మొరాదాబాద్‌లో రాంగంగ నది ఒడ్డున బోర్డులు కాల్చి, యాసిడ్‌లో కడిగి లోహాలు తీసే పని ఏళ్ల తరబడి జరిగింది. ఆ పనిలో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. నల్లబడ్డ ఆ నది ఒడ్డు గురించి దేశమంతా రాసింది. దేనికీ పనికిరాని ప్లాస్టిక్కు, గాజు, పగిలిన బల్బు మాత్రం ఎక్కడికీ పోవు. మన ఊరి చివర చెరువు కట్ట పక్కనే ఉంటాయి.

పాత ఫోన్లది ఇంకో గొడవ. పాత ఫోనుకి ప్లాస్టిక్ టబ్బో స్టీలు గిన్నో ఇస్తామని తిరిగేవాళ్లు వస్తారు. 2024లో గోదావరిఖనిలో ఇలా ఊళ్లు తిరిగి ఫోన్లు పోగేసిన ముఠాను పోలీసులు పట్టుకుంటే దాదాపు 4 వేల పాత ఫోన్లు దొరికాయి. అవి సైబర్ మోసాలు చేసేవాళ్లకి చేరుతున్నాయని తేలింది. ఫోను పాడైనా దాని గుర్తింపు నంబరు బతికే ఉంటుంది. అందులో మన ఫొటోలు, బ్యాంకు మెసేజీలు, పాస్ పుస్తకం కాపీలు ఉంటాయి. టబ్బు కోసం అది ఇచ్చేస్తామా?

మరి చట్టం ఏమంటోంది? చట్టం లేకపోవడం కాదు మన కష్టం. ఈ-వ్యర్థాల నిబంధనలు మన దేశంలో 2012 నుంచే అమల్లో ఉన్నాయి. 2016లో వాటిని మార్చారు. వస్తువు తయారుచేసి అమ్మిన కంపెనీయే పాతది వెనక్కి తెప్పించుకోవాలి, సేకరణ కేంద్రాలు పెట్టాలి, ఫోన్ నంబరు ఇవ్వాలి అన్నారు. కంపెనీ తరఫున ఆ పని ఒప్పుకున్న దుకాణదారు షాపులో ఒక పెట్టె పెట్టాలి అని కూడా రాశారు. కాగితం మీద ఎంత బావుందో చూడండి. ఆ పెట్టె మీ మండలంలో ఎప్పుడైనా కనపడిందా? నాకైతే కనపడలేదు.

తర్వాత 2022లో కొత్త నిబంధనలు తెచ్చారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. జాబితాలో అంతకుముందు 21 రకాల వస్తువులుంటే ఇప్పుడు 106. ద్రవాలు పిచికారీ చేసే కరెంటు పనిముట్లు కూడా అందులో ఉన్నాయి. సోలార్ పలకలూ చేరాయి. అంతవరకు మంచిదే. కానీ సేకరణ కేంద్రం అనే ముక్క ఈ నిబంధనల్లో లేకుండా పోయింది. రిజిస్ట్రేషన్ తయారీదారుకి, కంపెనీకి, బాగుచేసేవాడికి, రీసైక్లర్‌కి మాత్రమే. రీసైక్లర్ ఇన్ని టన్నులు శుద్ధి చేశానని సర్టిఫికెట్ పుట్టిస్తాడు, కంపెనీ దాన్ని కొనుక్కుని తన లెక్క చూపిస్తుంది. ఈ లెక్క 2023-24లో 60 శాతం, 2025-26లో 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం.

ఇక్కడే మనకి దెబ్బ పడింది. ఆ 60 శాతం, 70 శాతం ఎక్కడి నుంచి రావాలో నిబంధన చెప్పలేదు. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో ఒకేసారి వెయ్యి కంప్యూటర్లు దొరుకుతుంటే, పల్నాటి పల్లెలో నా ఒక్క స్టార్టర్ కోసం ఎవరొస్తారు? వాళ్ల తప్పు కాదు, డీజిల్ ఖర్చు కూడా రాదు. పైగా ఆ సర్టిఫికెట్లు లెక్కించేది బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము మీదే. అంటే డబ్బులొచ్చే లోహానికి సర్టిఫికెట్ ఉంది. మన మట్టిని పాడుచేసే సీఎఫ్ఎల్‌లోని పాదరసానికి లేదు. పట్నంలో లెక్క పూర్తయిపోతుంది, పల్లె లెక్కలోకే రాదు.

ప్రపంచం మొత్తం మీద కథ ఇలాగే ఉంది. 2022లో ప్రపంచంలో పోగైన ఈ-వ్యర్థాలు 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. అందులో లెక్క ప్రకారం, పద్ధతి ప్రకారం రీసైకిల్ అయినవి 22.3 శాతమే. నాలుగింట మూడు వంతులకు పైగా ఎటు పోయాయో ఎవరి పుస్తకంలోనూ లేదు.

పోనీ, పాతది వెనక్కి తీసుకోవడం జరిగే పని కాదా? ఎందుకు కాదు, మన కళ్ల ముందే జరుగుతోంది. మీ ట్రాక్టరు బ్యాటరీ చచ్చిపోతే ఏం చేస్తారు? చెరువులో పారేస్తారా? ఎవ్వరూ పారెయ్యరు. భుజాన వేసుకుని షాపుకి తీసుకెళ్తారు. "పాతదానికెంత?" అని అడుగుతారు. షాపువాడు అంత తగ్గించి కొత్తది ఇస్తాడు. ఇన్వర్టర్ బ్యాటరీ అయినా అంతే. ఊళ్లో ఒక్క ట్రాక్టరు బ్యాటరీ కూడా గట్టు మీద కనపడదు, ఎవరూ మనకి శిక్షణ ఇవ్వలేదు, ర్యాలీలు తియ్యలేదు. సీసానికి ధర ఉంది, అమ్మినవాడు పాతది తీసుకోవాలని 2001 నుంచే నిబంధన ఉంది, మనం ఎలాగూ వెళ్లే షాపే ఇచ్చే చోటైంది. ఈ మూడూ కలిశాయి కాబట్టి పని జరిగింది. షాపు నుంచి వెళ్లాక ఆ సీసాన్ని కరిగించే చోట లోపాలున్నాయి, అది వేరే పోరాటం. కానీ రైతు చేతి నుంచి షాపు దాకా దారి మాత్రం పడింది.

ఇప్పుడు చార్జింగ్ పంపు బ్యాటరీకీ మొబైల్ స్టార్టర్‌కీ అదే దారి కావాలంటున్నా. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం చిన్న బ్యాటరీలు కూడా కంపెనీ బాధ్యతే. పనిచేసే పద్ధతి ఉంది, చట్టం ఉంది, ఆ రెండింటినీ మండల కేంద్రంలో కలిపేవాడు లేడు. స్విట్జర్లాండ్‌లో 1998లోనే చట్టం చేశారు, ఆ రకం వస్తువు అమ్మే షాపు పాతది ఉచితంగా తీసుకోవాల్సిందే, కొత్తది కొన్నా కొనకపోయినా. మనం ఆ దేశమంత డబ్బున్నవాళ్లం కాదు, ఒప్పుకుంటా. కానీ షాపులో ఒక ఇనప పెట్టె పెట్టడానికి అంత డబ్బు అక్కర్లేదు కదా.

"షాపువాడికి ఖర్చు" అంటారు. స్టార్టర్లు, స్ప్రేయర్లు తెచ్చిన బండి సరుకు దించి ఖాళీగా వెనక్కి వెళ్తోంది. నెలకోసారి ఆ బండిలోనే పాతవి వేసి పంపొచ్చు. ఖర్చు కంపెనీది, చట్టం చెప్పిందీ అదే.

"రైతు ఊరికే ఇవ్వడు" అంటారు. నిజమే, ఎందుకివ్వాలి? పాత పంపు తెస్తే కొత్తదాని మీద ఒక 50 రూపాయలో 100 రూపాయలో తగ్గించండి. క్యూ కడతారు. టన్ను పాత ఫోన్లలో ఉండే బంగారం, గనిలో టన్ను రాయిని పిండితే వచ్చేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ బోర్డుల్లోంచి లోహాలు పద్ధతిగా తీసే పరిజ్ఞానం మన చర్లపల్లిలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్ తయారుచేసింది. అంటే విలువా ఉంది, విద్యా ఉంది. సరుకు చేరడం లేదు, అంతే.

"మరి పాత ఇనుము కొనేవాడి పొట్ట కొడతారా?" అని అడిగేవాళ్లూ ఉంటారు. మంచి ప్రశ్న. నా మాట వేరు, ఆయన్నే ఇందులోకి తీసుకోండి. గుర్తింపు కార్డు ఇవ్వండి, చేతి తొడుగులు ఇవ్వండి, బోర్డులు పగలగొట్టకుండా కాల్చకుండా అలాగే తెస్తే రిజిస్టరైన రీసైక్లర్ మంచి ధరకి కొనాలి. మన వీధులు ఆయనకి తెలిసినంతగా ఏ కంపెనీకీ తెలియవు.

ప్రభుత్వాలకి కూడా పెద్ద బరువేం కాదు. ఆంధ్రలో 10 వేలకు పైగా రైతు సేవా కేంద్రాలున్నాయి. తెలంగాణలో 2,600కు పైగా రైతు వేదికలున్నాయి. సొసైటీలున్నాయి, మార్కెట్ యార్డులున్నాయి. గుంటూరు మిర్చి యార్డుకి సీజన్లో ఎన్ని ఊళ్ల బండ్లు వస్తాయో మీకు తెలుసు. టిక్కీలతో పాటు ఒక గోనెసంచిలో పాత సామాను వేసుకుని రమ్మంటే రామా? ఆంధ్రలో ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం పెడుతున్నారు, 2025 ఏప్రిల్ నెలకి ఈ-వ్యర్థాలనే అంశంగా తీసుకున్నారు. ఆలోచన మంచిదే. కానీ ఏడాదికొకసారి కాదు, ఏడాది పొడుగునా తెరిచి ఉండే ఒక గది కావాలి. మోటారు కాలిపోవడానికి తేదీ ఉండదు కదా.

సరే, ఇవన్నీ వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోవాలా? అక్కర్లేదు. ఇవాళ్టి నుంచి చెయ్యగలిగినవి చెప్తాను.

మొదటిది, కలిపెయ్యొద్దు. బ్యాటరీలు వేరు, బల్బులు వేరు, బోర్డులున్న సామాను వేరు. బ్యాటరీ కొనలకి టేపు చుట్టండి. ఉబ్బిన ఫోను బ్యాటరీని గుచ్చొద్దు, నలపొద్దు, ఎండలో పెట్టొద్దు, అంటుకుంటుంది. బల్బులు పగలకుండా అట్టపెట్టెలో పెట్టి పిల్లలకి అందని చోట ఉంచండి. బల్బు పగిలితే కిటికీ తీసి కాసేపు బయటికి రండి. చీపురుతో ఊడవొద్దు, అట్టముక్కతో ఎత్తి మూత ఉన్న సీసాలో వెయ్యండి.

రెండోది, చార్జింగ్ పంపు బ్యాటరీ విప్పి, ట్రాక్టరు బ్యాటరీ కొనే షాపుకే తీసుకెళ్లండి. అదీ సీసం బ్యాటరీయే అయితే చాలామంది తూకానికి తీసుకుంటారు. దాని మీద చక్రాల చెత్తడబ్బా బొమ్మ, దాని మీద అడ్డంగా కొట్టేసిన గీత ఉంటుంది. మామూలు చెత్తలో వెయ్యకూడదని ఆ బొమ్మకి అర్థం.

మూడోది, ఫోను ఇచ్చే ముందు సిమ్ము, మెమరీ కార్డు తీసేసి, ఫోను ఆన్ అయితే లోపలిదంతా చెరిపెయ్యండి. మీకు చేతకాకపోతే ఇంట్లో పిల్లల్ని అడగండి. ఆన్ కాని ఫోన్ని ఊరూపేరూ తెలియనివాడికి ఇవ్వొద్దు.

నాలుగోది, వస్తువు మీదున్న కంపెనీ కస్టమర్ కేర్ నంబరుకి ఫోన్ చేసి "పాతది ఎక్కడ ఇవ్వాలి?" అని అడగండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ-వ్యర్థాల పోర్టల్‌లో రిజిస్టరైన రీసైక్లర్ల జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. ఫోన్లో చూడొచ్చు. ఆ జాబితాలో ఉన్నవాడికే ఇవ్వండి, రసీదు అడగండి.

ఐదోది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఒక్కరు ఫోన్ చేస్తే ఎవరూ రారు. ఒక స్టార్టర్ బరువు నాలుగు కేజీలు, దానికోసం బండి తిరగదు. కానీ ఊరంతా కలిస్తే? ఒక్కో ఇంటి నుంచి పది కేజీలనుకున్నా 200 ఇళ్ల ఊరికి 2 టన్నులు. రెండు టన్నులంటే లారీ కదులుతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘమో, డ్వాక్రా సంఘమో, బడి పిల్లలో పూనుకుని పంచాయతీ గదిలో పోగేసి, అప్పుడు ఫోన్ చెయ్యండి. విత్తనాలు కలిసి కొంటున్నాం, పాత సామాను కలిసి ఇవ్వలేమా?

ఇక మీ అందరినీ అడిగేది ఒక్కటే. ఈ సీజన్లో స్టార్టర్ కొన్నా, స్ప్రేయర్ కొన్నా, చివరికి ఎల్ఈడీ బల్బు కొన్నా, డబ్బులిచ్చే ముందు షాపువాడిని ఒక్క మాట అడగండి. "అన్నా, పాతది తీసుకుంటావా?" తీసుకోను అంటాడు. గొడవపడొద్దు. మళ్లీ వెళ్లినప్పుడు మళ్లీ అడగండి. రోజుకి పదిమంది అదే మాట అడిగితే ఆ షాపువాడే డిస్ట్రిబ్యూటర్‌ని అడుగుతాడు, డిస్ట్రిబ్యూటర్ కంపెనీని అడుగుతాడు. ట్రాక్టరు బ్యాటరీ షాపులో "పాతదానికెంత?" అని మనం అడగకుండా ఎప్పుడైనా బయటికొచ్చామా? అదే అలవాటు మిగతా షాపుల్లోనూ చేసుకుందాం.

మీ మండలంలో ఎవరైనా పాత సామాను పద్ధతిగా తీసుకుంటుంటే ఆ ఊరి పేరు, షాపు ఎక్కడుందో కింద రాయండి. జిల్లాల వారీగా ఒక జాబితా చేసి ఇక్కడే పెడతాను. ప్రభుత్వం చేసేదాకా ఆ జాబితా మనమే చేసుకుందాం.